అంబాసిడర్ 1489 పెట్రోల్: హెడ్డు పగిలింది. ఇదే బాగు చేయించాలా, పాత హెడ్డు వెతకాలా?

మర్రిపాలెం_మార్క్4
బండి 1986 మార్క్ 4, పెట్రోలు, 1489 సీసీ. వేడెక్కగానే రేడియేటర్ మూత దగ్గర బుడగలు, నీళ్ళు రోజూ తగ్గుతున్నాయి. ఆయిల్ మాత్రం తెల్లబడలేదు, అంటే అందులో నీళ్ళు కలవలేదు. కంప్రెషన్ 1లో 125, 2లో 75, 3లో 120, 4లో 125 పౌండ్లు. హెడ్డు (సిలిండర్లని పైన మూసే, వాల్వులుండే ఇనప దిమ్మ) దించి కడిగితే రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ సీటు (పొగ వాల్వు మూసుకుని ఆనే చోటు) అంచు నుంచి సన్నటి గీత కనిపించింది. గోరుకి తగులుతోంది.

ఆటోనగర్‌లో తలో మాట చెప్తున్నారు. వెల్డింగ్ పెట్టిస్తే సరిపోతుందని ఒకాయన, అంబాసిడర్ హెడ్డు ఏదైనా కూర్చుంటుంది, డీజిల్‌దైనా పర్లేదని ఇంకొకాయన. కొత్తది ఏ షాపులోనూ లేదు. స్క్రాప్ షాపుల్లో పెట్రోలు హెడ్లని రెండు చూపించారు. ఏం చూసి కొనాలి? ఏది చూడగానే వద్దనాలి?

బి_సిరీస్_బాబాయ్
డీజిల్ హెడ్డు మాట ముందే కొట్టేయండి. డీజిల్ ఇంజన్ కూడా 1489 సీసీయే, బయట నుంచి చూస్తే అన్నదమ్ముల్లాగే ఉంటాయి, అందుకే ఆ మాట వచ్చింది. కానీ డీజిల్ హెడ్డులో ఇంజెక్టర్లకి, హీటర్ ప్లగ్గులకి చోటుంటుంది, మంట మొదలయ్యే గది హెడ్డులోనే వేరేగా ఉంటుంది. పెట్రోలు పిస్టన్ల మీద అది పనికిరాదు.

ఇసుజు 1.8 హెడ్డు కూడా కాదు. అది 1817 సీసీ, వాల్వులని తెరిచే క్యామ్ హెడ్డు మీదే ఉంటుంది, హెడ్డు అల్యూమినియం. మీదానికీ దానికీ ఒక్క బోల్టు కలవదు. మరీ పాతవి, 1959కి ముందు బళ్ళవి సైడ్ వాల్వు ఇంజన్లు, వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, వాటి హెడ్డు ఉత్త మూత. ఎవరి షెడ్డులోనైనా ఉంటే పొరపాటున కొనకండి.

మీకు కావలసింది పుష్ రాడ్ల (కింద క్యామ్ నుంచి రాకర్లని పైకి నెట్టే కడ్డీలు) ఓవర్‌హెడ్ వాల్వు పెట్రోలు హెడ్డు. గుర్తు పట్టడం తేలిక. ముందు నుంచి వెనక్కి వాల్వుల వరుస ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్. పోర్టులన్నీ (గాలి వచ్చే, పొగ పోయే దారులు) ఒకే పక్క. ఇన్‌లెట్ పోర్టులు రెండే, ఎగ్జాస్ట్ పోర్టులు మూడు. నడిమి ఎగ్జాస్ట్ పోర్టు 2, 3 సిలిండర్లకి ఉమ్మడి.

మీ హెడ్డు పగిలిందీ అందుకే. రెండు సిలిండర్ల పొగ ఒకే గొంతులోంచి పోతుంది, రెండు వేడి సీట్లు పక్కపక్కనే, మధ్యలో నీళ్ళకి దారి తక్కువ. ఈ ఇంజన్లో హెడ్డు పగిలితే ముందు అక్కడే వెతకాలి. మీరు ఏ పాత హెడ్డు చూసినా ముందు చూడవలసిందీ ఆ నాలుగు, అయిదు వాల్వుల మధ్య చోటే.

ఫీలర్_గేజ్
గీత కనపడింది కాబట్టి గ్యాస్కెట్ (హెడ్డుకీ బ్లాకుకీ మధ్య పెట్టే పలక) కాదని అనుకోవద్దు, రెండూ అయ్యుండొచ్చు. కాకపోతే 2-3 మధ్య గ్యాస్కెట్ కాలితే రెండు సిలిండర్లలోనూ కంప్రెషన్ ఒకేలా పడిపోతుంది. ఇక్కడ మూడోది 120 ఉంది కాబట్టి బాబాయ్ చెప్పిందే నిజం కావచ్చు. పాత గ్యాస్కెట్ పారేయకండి. రెండో సిలిండర్ చుట్టూ రాగి అంచు నల్లబడిందేమో, ఎటువైపు నల్లబడిందో చూడండి.

లేత్_పని
వెల్డింగ్ అన్నాయనకి ఒక్క ప్రశ్న వేయండి: హెడ్డు మొత్తం ఎంత వేడి చేసి పెడతారు అని. ఇది పోత ఇనుము. చల్లటి హెడ్డు మీద ఆర్క్ పెడితే వెల్డు పక్కనే కొత్త గీత లేస్తుంది. సరిగ్గా చేయాలంటే హెడ్డంతా 500, 600 డిగ్రీలకి వేడెక్కించి, వేడి మీదే వెల్డు చేసి, సున్నంలోనో బూడిదలోనో కప్పి మెల్లగా చల్లార్చాలి. తర్వాత ఫేసింగ్ (హెడ్డు అడుగు చదునుగా కోయడం), సీట్లు, గైడ్లు (వాల్వు కాడ జారే గొట్టాలు) అన్నీ మళ్ళీ పని. పొయ్యి లేని షాపులో ఈ పని వద్దు.

కానీ హెడ్డు పారేయమని నేననను. గీత సీటు అంచు దగ్గరే ఆగితే, దాన్ని తొలిచేసి సీటు ఇన్‌సర్ట్ (విడిగా చేసిన సీటు ఉంగరం) దింపొచ్చు. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియాలి. డై టెస్ట్ చేయించండి. మూడు డబ్బాల పని: క్లీనర్ కొట్టి తుడిచి ఆరబెట్టడం, ఎర్ర డై కొట్టి పది ఇరవై నిమిషాలు ఉంచి తుడిచేయడం, పైన తెల్ల డెవలపర్. గీత ఉన్నంత మేరా ఎర్రగా ఊరుతుంది.

అనకాపల్లి_అంబీ
ఇదంతా ఎందుకు బాబూ. స్క్రాప్‌లో హెడ్డు దొరుకుతాది, రెండు వేలో మూడు వేలో ఇచ్చి తెచ్చుకుని వాల్వులు నూరించి బిగించెయ్. గీత ఉన్న హెడ్డు మీద డబ్బులు తగలెయ్యడం ఏటి?

బి_సిరీస్_బాబాయ్
@అనకాపల్లి_అంబీ కొన్న ధర ఎప్పుడూ అసలు ధర కాదండీ. ఫేసింగ్, ఎనిమిది గైడ్లు, ఎగ్జాస్ట్ సీట్లు నాలుగు, వాల్వులు, ప్రెషర్ టెస్టు కలిపితే స్క్రాప్‌లో పెట్టిన దానికి కొన్ని రెట్లవుతుంది. ఆ పనంతా చేయించాక గీత బయటపడితే పోయేది ఆ పని డబ్బు. అందుకని వరస ఇలా ఉండాలి: కంటితో చూడటం, కొలవడం, డై, ప్రెషర్ టెస్టు, ఇవన్నీ దాటాకే లేత్ షాపు గడప తొక్కడం. బేరం చేసేటప్పుడే "టెస్టులో కారితే వాపసు" అని మాట తీసుకోండి. ఆ మాట ఇవ్వని చోట కొనకండి.

మర్రిపాలెం_మార్క్4
కొలతలు తీసుకొచ్చా. నా హెడ్డుతో పోల్చి రాస్తున్నా.

మొదటిది: శుభ్రంగా ఉంది, వెండి రంగు వేశారు, వాల్వులు లేవు. నా హెడ్డు కంటే ముందు మూల 1.2 మి.మీ. పల్చన, వెనక మూల 1.5 మి.మీ. పల్చన.
రెండోది: తుప్పు, పాత వాల్వులు స్ప్రింగులతో సహా ఉన్నాయి. నాలుగు మూలలూ నా దానితో సమానం, తేడా 0.1 లోపే. స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి చూస్తే మధ్యలో 0.08 మి.మీ. ఫీలర్ గేజ్ రేకు దూరుతోంది. గైడ్లలో వాల్వులు ఊగుతున్నాయి.

చూడటానికి మొదటిదే బాగుంది. రేటు కూడా దానికే ఎక్కువ చెప్తున్నారు.

ఫీలర్_గేజ్
రంగు వేసిన హెడ్డు ముందు కడిగించండి. పెయింట్ కింద గీత దాగుతుంది, బ్రేజింగ్ (ఇత్తడితో అతుకు) చేసిన పసుపు మరక కూడా. ముందు వెనకల మధ్య 0.3 తేడా ఉందంటే ఎవరో వంకరగా కోశారు.

సింహాచలం_స్పానర్
1.2 కోస్తే కంప్రెషన్ పెరిగి పికప్ వస్తుంది కదా, అది మంచిదే కదా?

లేత్_పని
@సింహాచలం_స్పానర్ లెక్క వేద్దాం. బోరు 73 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ. ఒక సిలిండర్‌కి 372 సీసీ. కంప్రెషన్ 7.2 అనుకుంటే పిస్టన్ పైకొచ్చినప్పుడు మిగిలే ఖాళీ 60 సీసీ. హెడ్డులో గుంట బోరంత వెడల్పు ఉండదు, దాదాపు మూడింట రెండొంతులు, అంటే 28 చదరపు సెంటీమీటర్లు. 1.2 మి.మీ. కోస్తే పోయేది 3.3 సీసీ. కొత్త నిష్పత్తి 7.6 దగ్గర. ఆ మాత్రానికి పికప్‌లో పెద్ద తేడా తెలియదు, కొంప మునిగేదీ లేదు.

ఇబ్బంది వేరే చోట. ఒకటి, కింద పలక పల్చబడింది. ఇప్పటికే వేడికి పగిలే చోటు ఇంకా బలహీనమవుతుంది, మళ్ళీ వంగితే కోయడానికి లోహం ఉండదు. రెండు, హెడ్డు కిందికి దిగింది గానీ పుష్ రాడ్లు అంతే పొడవున్నాయి. వాల్వు గ్యాపు పెట్టే టాపెట్ స్క్రూ అంత మేర వెనక్కి తిప్పాలి, రాకర్ (వాల్వుని నొక్కే మీట) వంగి వాల్వు కాడ కొన మధ్యలో కాకుండా పక్కకి రుద్దుతుంది, గైడు ఒక పక్క అరుగుతుంది. దానికి మందుంది, రాకర్ పెడెస్టల్స్ (రాకర్ షాఫ్టుని మోసే దిమ్మలు) కింద అంతే మందం షిమ్ములు (పల్చటి రేకులు) వేయాలి. ఆయిల్ పైకొచ్చే పెడెస్టల్ కింద వేసే షిమ్ముకి రంధ్రం మరిచిపోతే రాకర్ షాఫ్టు ఎండిపోయి అరుగుతుంది.

మూడు, ఆ 0.3 వంకర. ఒకటో సిలిండర్‌కీ నాలుగో దానికీ గుంటల్లో అర సీసీకి పైగా తేడా. దాన్ని సరిచేయాలంటే ఎత్తుగా ఉన్న వైపు ఇంకో 0.3 కోయాలి.

నాకైతే రెండో హెడ్డే కావాలి. తుప్పు పైనుంది. మందం పూర్తిగా ఉంది. 0.08 వంపుకి 0.15 కోత చాలు.

అనకాపల్లి_అంబీ
వంపు ఎంతవరకు పర్లేదు మాస్టారూ?

లేత్_పని
0.05 లోపుంటే హాయిగా వేసుకోవచ్చు. 0.10 దాటితే కోత తప్పదు. మధ్యలో ఉంటే, ఎలాగూ షాపుకెళ్తోంది కాబట్టి సన్నగా ఫేస్ చేయించడమే మేలు. చూసేటప్పుడు పొడవునా రెండు పక్కలా, అడ్డంగా, మూల నుంచి మూలకి రెండు వైపులా, ఇన్ని చోట్లా చూడాలి. ఒక్క పొడవు చూసి వదిలేస్తే మూల వంపు దొరకదు. బ్లాకు పైభాగం కూడా అలాగే చూడాలి, అది ఎవరూ చూడరు.

భీమిలి_రోడ్డు
తుప్పు పైనుంది అన్నారు, నీళ్ళ దారుల్లో తుప్పు సంగతి? బీచ్ వైపు బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఏళ్ళ తరబడి అవే పోసిన బండి హెడ్డయితే గ్యాస్కెట్ వైపు నీళ్ళ రంధ్రాల అంచులు తినేసి ఉంటాయి. ఆ గుంట సిలిండర్ అంచు దాకా వచ్చి, గ్యాస్కెట్ రాగి కట్టు కూర్చునే చోటుకి చేరితే ఎంత కోసినా పోదు. స్క్రూడ్రైవర్ మొనతో ప్రతి నీళ్ళ రంధ్రం అంచూ గీకి చూడండి. పొరలుగా ఊడితే వదిలేయండి. కోర్ ప్లగ్గులు (నీళ్ళ గది రంధ్రాలకి కొట్టే రేకు మూతలు) ఊడదీసి లోపలికి టార్చి వేసి చూడటమూ మంచిదే.

మర్రిపాలెం_మార్క్4
గీకి చూశా. రంధ్రాల అంచులు గట్టిగానే ఉన్నాయి. వెనక కోర్ ప్లగ్గు ఒక్కటి మాత్రం కారినట్టు మరక ఉంది.

బి_సిరీస్_బాబాయ్
కోర్ ప్లగ్గు ఎలాగూ మార్చేదే. హెడ్డువి అన్నీ కొత్తవి వేయండి, ఇంజన్ బిగించాక వెనక దాని దగ్గరికి చెయ్యి దూరదు.

ఇప్పుడు ప్రెషర్ టెస్టు. నీళ్ళ రంధ్రాలన్నీ రబ్బరు షీటు, ఇనప పలకతో మూసి, ఒక చోట నుంచి గాలి, 2 నుంచి 3 బార్. అంతకి మించి వద్దు, కోర్ ప్లగ్గే ఎగిరిపోతుంది. ముఖ్యమైనది, హెడ్డుని వేడి నీళ్ళలో ముంచి చూడాలి, 80 డిగ్రీల దగ్గర. చల్లగా ఉన్నప్పుడు మూసుకుని వేడికి తెరుచుకునే గీతలు చాలా ఉంటాయి. మీ బండి కూడా "వేడెక్కగానే" బుడగలు అన్నారు, గుర్తుంది కదా. నడిమి ఎగ్జాస్ట్ పోర్టు లోపల నుంచి బుడగ వస్తే కింద నుంచి కనపడదు, పోర్టులోకి టార్చి వేసి చూడాలి.

లేత్_పని
వాల్వులు, ప్లగ్గులు పెట్టి ముంచకండి, వాటి చుట్టూ చిక్కుకున్న గాలి బుడగలుగా లేచి అనవసరంగా భయపెడుతుంది. అన్నీ తీసి ముంచండి.

సింహాచలం_స్పానర్
పాత వాల్వులు వచ్చాయి కదా, అవే నూరించి వాడొచ్చా?

లేత్_పని
ఇన్‌లెట్లు వాడొచ్చు, కాడ అరగకపోతే. మైక్రోమీటర్‌తో కాడ మూడు చోట్ల కొలవండి: పైన గైడులోకి వెళ్ళని చోట, మధ్యలో, కింద. పైదానికీ మధ్యదానికీ రెండు థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) తేడా ఉంటే పారేయండి. ఎగ్జాస్ట్‌లు మాత్రం నాలుగూ కొత్తవే. అంచు కత్తిలా పల్చబడిన ఎగ్జాస్ట్ వాల్వు ఎర్రగా కాలి, ప్లగ్గు మెరవక ముందే పెట్రోలుని అంటిస్తుంది.

గైడులో కాడ ఆట ఎగ్జాస్ట్‌కి రెండు మూడు థౌ, ఇన్‌లెట్‌కి అంతకంటే కొంచెం బిగువు. గైడు మార్చాకే సీటు కోయాలి, ఎందుకంటే సీటు కోసే పనిముట్టు గైడు నడిమినే పట్టుకుని తిరుగుతుంది. ముందు సీటు కోసి తర్వాత గైడు మారిస్తే ఆ రెండూ ఒకే నడిమికి రావు, పేస్టుతో ఎంత నూరినా మూయదు. సీటు వెడల్పు ఇన్‌లెట్‌కి 1.5 మి.మీ., ఎగ్జాస్ట్‌కి 2 మి.మీ. దగ్గర పెట్టించండి. మరీ సన్నగా ఉంటే వేడి సీటులోకి దిగదు, వాల్వు కాలుతుంది.

కొత్తరోడ్_క్లచ్
కొత్త ఎగ్జాస్ట్ సీట్లు వేయించాలా వద్దా? ఇన్నాళ్ళూ ఉత్త ఇనప సీట్లమీదే నడిచాయిగా అంటారు మా మెకానిక్.

బి_సిరీస్_బాబాయ్
సీసం ఉన్న పెట్రోలు ఉన్నంత కాలం నడిచాయి. ఆ సీసమే వాల్వుకీ సీటుకీ మధ్య పల్చటి పొరలా నిలిచి ఇనుముని కాపాడేది. దేశమంతా 2000లో సీసం లేని పెట్రోలుకి మారిపోయాం. అప్పటి నుంచి ఎగ్జాస్ట్ వాల్వు కొట్టిన ప్రతిసారీ సీటు ఇనుముని కొద్దికొద్దిగా పెకిలిస్తోంది, సీటు లోపలికి దిగిపోతోంది. టాపెట్ గ్యాపు బిగుసుకుపోవడం దానికి గుర్తు. మెకానిక్ గ్యాపు పెడతాడు, కొన్నాళ్ళకే మళ్ళీ బిగుస్తుంది. ఊళ్ళో మెల్లగా తిరిగే బండికి ఇది నెమ్మదిగా జరుగుతుంది, హైవే మీదా ఘాట్ మీదా నిండు లోడుతో పోయే బండికి త్వరగా.

@మర్రిపాలెం_మార్క్4 బండికి గ్యాస్ కిట్టు ఉందా?

మర్రిపాలెం_మార్క్4
ఉంది, ఎల్‌పీజీ. ఊళ్ళో గ్యాసు, అరకు వెళ్ళినప్పుడు పెట్రోలు.

బి_సిరీస్_బాబాయ్
అయితే ఆలోచించక్కర్లేదు, గట్టి ఎగ్జాస్ట్ సీట్లు నాలుగూ వేయించండి. గ్యాసు పొడిగా మండుతుంది, పెట్రోల్లో ఉండే కాస్త తడి కూడా సీటుకి దొరకదు. ఇన్‌లెట్లకి అవసరం లేదు, అక్కడ వేడి తక్కువ. అరకు వెళ్ళేటప్పుడు మాత్రం పెట్రోలే నడపండి, అనంతగిరి ఘాట్ ఎక్కుతూ గ్యాసు వద్దు.

లేత్_పని
సీటు దింపేటప్పుడు రెండు జాగ్రత్తలు. గుంట కోసేటప్పుడు లోతు పెంచితే కిందున్న నీళ్ళ గది పగులుతుంది, పనివాడికి ముందే చెప్పాలి. బిగువు మూడు నాలుగు థౌ ఉండాలి. హెడ్డు వేడి చేసి, సీటుని చల్లబరిచి దింపితే తేలిగ్గా దిగుతుంది, సుత్తితో కొట్టి దింపిన సీటు ఓ మూల లేస్తుంది. వదులుగా ఉన్న సీటు ఊడి సిలిండర్లో పడితే పిస్టన్ కూడా పోతుంది.

సీట్లు దింపాక ప్రెషర్ టెస్టు మళ్ళీ చేయించండి. ఇందాక చెప్పింది కొనేముందు టెస్టు, ఇది పని అయ్యాక.

అనకాపల్లి_అంబీ
హెడ్డు సంగతి సరే గానీ, ఎందుకు వేడెక్కిందో సూసుకోకపోతే ఇది కూడా పోద్ది. మా వైపు థర్మోస్టాట్ పీకి పారేస్తారు. ఈ ఎండలకి అది ఎందుకసలు?

ఫీలర్_గేజ్
అది తప్పు. థర్మోస్టాట్ తీసేస్తే నీళ్ళు అడ్డూ అదుపూ లేకుండా దగ్గరి దారిన పరిగెడతాయి, వెనక సిలిండర్ల చుట్టూ నిలిచినవి నిలిచినట్టే ఉంటాయి. గేజ్ చల్లగా చూపిస్తుంది, హెడ్డులో ఓ చోట నీళ్ళు మరుగుతుంటాయి. పైగా చలికాలం లంబసింగి పోతే ఇంజన్ వేడెక్కక ఆయిల్‌లో పెట్రోలు దిగుతుంది.

అనకాపల్లి_అంబీ
తీసేసినవి నడుస్తున్నాయి కదా ఊరంతా.

బి_సిరీస్_బాబాయ్
నడుస్తాయి, రేడియేటర్ కొత్తగా ఉన్నన్నాళ్ళు. ఇక్కడి ఎండకి 82 కాకుండా 74 డిగ్రీలకి తెరుచుకునే థర్మోస్టాట్ వేసుకోండి, అది వేడి దేశాల కోసమే. వేసేముందు గిన్నెలో నీళ్ళు కాచి తెరుచుకుంటోందో లేదో చూడండి.

అంబీ గారు అడిగిన అసలు మాట మాత్రం నూటికి నూరు పాళ్ళు నిజం. ఎందుకు వేడెక్కిందో తేల్చాలి. ఈ ఇంజన్లో బురద బ్లాకు అడుగున, వెనక నాలుగో సిలిండర్ చుట్టూ పేరుకుంటుంది. బ్లాకు పక్కనున్న డ్రెయిన్ ట్యాపు విప్పితే చుక్క రాకపోతే అక్కడ తుప్పు మట్టి గట్టిపడిందని అర్థం. హెడ్డు దిగి ఉంది కాబట్టి ఇదే సమయం. బ్లాకు పక్క కోర్ ప్లగ్గులు ఊడదీసి, తీగతో పొడిచి, పైప్ పెట్టి కడగండి. సిలిండర్లలో గుడ్డ కుక్కడం, స్టడ్ రంధ్రాల్లోకి నీళ్ళు పోకుండా చూసుకోవడం మర్చిపోకండి. రేడియేటర్ విప్పి రాడింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి.

ఇంకో సంగతి, ఇగ్నిషన్ టైమింగ్ వెనకపడినా ఎగ్జాస్ట్ ఎర్రబడుతుంది. బంకుల్లో ఇప్పుడు ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) వస్తోంది, దానికి కార్బురేటర్ జెట్టు మార్చకపోతే మిశ్రమం పల్చబడి ఇంకా వేడి. ప్లగ్గు పింగాణీ తెల్లగా ఉంటే పల్చగా ఉన్నట్టు, ఇటుక రంగుకి రావాలి.

మర్రిపాలెం_మార్క్4
టెస్టు అయింది. మొదటి హెడ్డు కడిగాక నడిమి ఎగ్జాస్ట్ పోర్టు లోపల బ్రేజింగ్ బయటపడింది, వేడి నీళ్ళలో బుడగలు. వాపసు ఇచ్చేశా. రెండోది చల్లగానూ వేడిగానూ ఒక్క బుడగ రాలేదు. 0.15 ఫేసింగ్, గైడ్లు, ఎగ్జాస్ట్ సీట్లకి ఇచ్చేశా. నా పాత హెడ్డు డై వేస్తే గీత సీటు దాటి పోర్టు గోడలోకి పోయింది.

ఇక బిగించేటప్పుడు ఏం చూడాలి?

లేత్_పని
పోర్టు గోడలోకి పోయిందంటే ఇన్‌సర్ట్‌తో ఆగదు, నేను అన్నది సీటు దగ్గర ఆగితేనే. ఆ హెడ్డు వదిలేయండి. రాకర్ గేర్, థర్మోస్టాట్ హౌసింగ్, మంచి స్టడ్లు తీసి దాచుకోండి.

బి_సిరీస్_బాబాయ్
బిగింపు, వరసగా.

బ్లాకు మీద స్టడ్ రంధ్రాల అంచు వేలితో తడమండి. ఏళ్ళ తరబడి లాగి లాగి అక్కడ ఇనుము ఉబ్బుతుంది, గ్యాస్కెట్ సరిగ్గా అక్కడే కూర్చోదు. ఉబ్బు ఉంటే స్టడ్లు తీసి అంచుకి చిన్న చాంఫర్ (ఏటవాలు కోత). దారాలు ట్యాపుతో శుభ్రం చేసి, స్టడ్లు చేత్తోనే బిగించండి. రెంచితో బిగిస్తే మళ్ళీ ఉబ్బుతుంది.

గ్యాస్కెట్ మీద ఫ్రంట్, టాప్ అని రాసుంటుంది, అలాగే పెట్టండి. వాల్వు కాడకి కాలెట్ల (స్ప్రింగుని పట్టి ఉంచే చిన్న బిళ్ళలు) కింద చిన్న రబ్బరు రింగు ఉంటుంది, అది లేకుండా వేస్తే బండి స్టార్ట్ చేయగానే నీలం పొగ. రాకర్ స్క్రూలన్నీ వెనక్కి తిప్పి ఉంచండి, లేకపోతే పుష్ రాడ్లు వంగుతాయి.

ఈ ఇంజన్ ప్రత్యేకత ఒకటుంది. హెడ్డు నట్లు పదకొండు, అందులో నాలుగు రాకర్ పెడెస్టల్స్‌ని కూడా పట్టుకుంటాయి. కాబట్టి రాకర్ గేర్ పెట్టాకే చివరి బిగింపు. రేపు ఎప్పుడైనా రాకర్ షాఫ్టు ఒక్కటే విప్పినా హెడ్డు వదులైనట్టే లెక్క, ముందు నీళ్ళు దించాలి.

నట్ల కింద గట్టి వాషర్లు, దారానికి చుక్క ఆయిల్. మధ్య నుంచి బయటికి, 15, 30, 40 పౌండ్-అడుగులు, మూడు విడతలు. 40 అంటే 54 న్యూటన్ మీటర్లు. రాకర్ చిన్న నట్లు 25 పౌండ్-అడుగులు.

కొత్తరోడ్_క్లచ్
గ్యాస్కెట్‌కి షెల్లాక్ (లక్క జిగురు) రాయాలా?

లేత్_పని
ఫేస్ చేసిన హెడ్డుకి అవసరం లేదు. పొడిగా పెట్టండి.

ఫీలర్_గేజ్
రాగి గ్యాస్కెట్ అయితే పల్చగా గ్రీజు రాస్తా నేను, తర్వాత విప్పేటప్పుడు అంటుకోకుండా వస్తుంది. షెల్లాక్ మాత్రం వద్దు, నీళ్ళ రంధ్రాల్లోకి కారి గట్టిపడుతుంది.

సింహాచలం_స్పానర్
బాబాయ్ పోస్టులు ప్రింటు తీసి మా గ్యారేజీ గోడకి అంటించేస్తున్నా. టాపెట్లు పెట్టేటప్పుడు ఏ వాల్వు ఎప్పుడు అనేది ఎప్పుడూ తికమకే.

ఫీలర్_గేజ్
తొమ్మిది లెక్క. ఇంజన్ తిప్పుతూ ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుందో చూడు, ఆ అంకె తొమ్మిదిలోంచి తీసేయ్. ఒకటి తెరుచుకుంటే ఎనిమిదోది పెట్టు, మూడు తెరుచుకుంటే ఆరోది, అయిదు తెరుచుకుంటే నాలుగోది. గ్యాపు 15 థౌ, మాన్యువల్ చేతిలో ఉంటే వేడి మీదా చల్లగానా అన్నది అందులో చూసుకో. పుష్ రాడ్లు పైకి తీసేటప్పుడు మెలితిప్పి వదిలించు, నేరుగా లాగితే కింద టాపెట్ కూడా లేచి పక్కకి పడుతుంది.

మర్రిపాలెం_మార్క్4
బిగించాక మళ్ళీ బిగింపు ఎప్పుడు?

బి_సిరీస్_బాబాయ్
మొదటిసారి వేడెక్కి, పూర్తిగా చల్లారాక ఒకసారి. 500 కిలోమీటర్లకి ఇంకోసారి. ఉన్నదాని మీద నొక్కి చూడటం కాదు, ఒక్కో నట్టు పావు చుట్టు వదులు చేసి మళ్ళీ 40కి. ఒకటి అయ్యాకే ఇంకొకటి, అదే వరసలో. ప్రతిసారీ టాపెట్లు కూడా మళ్ళీ పెట్టాలి, హెడ్డు దిగిన మేరకు గ్యాపు మారుతుంది.

నీళ్ళు నింపేటప్పుడు హీటర్ ట్యాపు తెరిచి, బండి ముందు వైపు కాస్త ఎత్తులో పెట్టండి, లేకపోతే హెడ్డులో గాలి చిక్కుకుంటుంది. బోరు నీళ్ళు వద్దు. కూలెంట్‌లో సగం డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయండి.